ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ కొంటున్నరా, ముందు స్లాట్ చూడండి, రేటు తర్వాత

మా బామ్మర్దికి దేవరకొండల జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. దోస్త్ అప్లికేషన్లు, ఎప్‌సెట్ ఫీజులు, పాన్ కార్డులు అన్నీ ఒక్క ల్యాప్‌టాప్ మీదనే నడుస్తయ్. దాంట్ల 1 టీబీ హార్డ్ డిస్క్ ఉండేది, పొద్దున స్విచ్ నొక్కి పక్క హోటల్ల చాయ్ తాగొచ్చినా తెర మీద ఆ గుండ్రాలు తిరుగుతనే ఉండేవి, డిగ్రీ అడ్మిషన్ల టైంల పిల్లలు, వాళ్ల నాయినలు లైన్ కట్టి నిలబడితే ఈయన వాళ్ల మొఖాలు చూడలేక ప్రింటర్ల పేపర్ సర్దుతున్నట్టు యాక్టింగ్ చేసేటోడు. "బావా, కొత్తది కొనాల్నా?" అని ఫోన్ చేస్తే నేనే చెప్పిన, కొత్తది ఎందుకు, హార్డ్ డిస్క్ జాగల ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండ చిప్పులల్ల ఫైళ్లు దాచేది) వేస్కో సరిపోతది అని. చెప్పింది కరెక్టే. కానీ ఏ ఎస్‌ఎస్‌డీ అన్నది చెప్పలే, అక్కడ ఆగమైనం.

దసరా సేల్ల తక్కువకు వస్తుందని ఆయనే ఒక ఎం.2 ఎస్‌ఎస్‌డీ, సన్నటి కార్డు లెక్క ఉండేది, ఆర్డర్ పెట్టిండు. నేను నల్లగొండ నుంచి పండక్కి పోయినప్పుడు ఇద్దరం కూర్చుని ల్యాప్‌టాప్ కింది మూత విప్పినం, ఖాళీ స్లాట్ ఉంది, ఎస్‌ఎస్‌డీ పెడితే టక్కున కూర్చుంది, స్క్రూ కూడ పట్టింది. ఆన్ చేస్తే బయోస్‌ల (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్‌ల తెర) లేదు, విండోస్‌ల లేదు. పీస్ ఖరాబ్ వచ్చింది అనుకుని రీప్లేస్‌మెంట్ పెట్టినం, పది రోజులకు ఇంకోటి వచ్చింది, అదీ అంతే. అప్పుడు గాని సర్వీస్ మాన్యువల్ తీసి చదవాలన్న బుద్ధి పుట్టలే. దాంట్ల ఒక్క లైన్ల రాసి ఉంది, ఆ స్లాట్ పీసీఐఈ ఎన్‌వీఎంఈకి మాత్రమే అని. మేం కొన్నది ఎం.2 సాటా. ఇవి డిస్క్‌కి బోర్డుకి మధ్యల డేటా నడిచే రెండు దారులు, సాటా పాతది, పీసీఐఈ మీద నడిచే ఎన్‌వీఎంఈ కొత్తది, స్పీడ్‌ది. చూడ్డానికి రెండూ కవల పిల్లల లెక్క ఉంటయ్, స్లాట్ల కూడ కూర్చుంటయ్, కానీ లోపలి వైరింగే వేరు. రిటర్న్ టైం అయిపోయింది, పైసలు ఇరుక్కున్నయ్.

సో కొనేముందు ఏం చూడాల్నో, మేం చేసిన తప్పు మీరు చెయ్యకుండ ఉండేటట్టు, నాకు తెల్సినంత వరకు రాస్తున్న.

ముందు ఒక మాట, స్లో అయింది నిజంగ డిస్క్ వల్లనేనా చూస్కోండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తది, దాంట్ల పర్ఫార్మెన్స్ ట్యాబ్‌ల డిస్క్ 100 శాతం దగ్గరనే అతుక్కుని ఉండి, కింద హెచ్‌డీడీ (హార్డ్ డిస్క్) అని రాసి ఉంటే రోగం అదే. డిస్క్ ఖాళీగనే ఉండి మెమరీ 95 శాతం చూపిస్తుంటే మీకు కావాల్సింది ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కాదు. 4 జీబీ ర్యామ్‌తోని క్రోమ్‌ల పది ట్యాబులు తెరిచి ల్యాప్‌టాప్‌ని తిడితే అది మాత్రం ఏం చేస్తది. చాలా మందికి రెండూ కావాలి, పైసలు ఒక్కదానికే ఉంటే, హార్డ్ డిస్క్ ఉన్నోళ్లు ఎస్‌ఎస్‌డీనే ముందు వేస్కోండి అంట నేనైతే. ఎందుకంటే హార్డ్ డిస్క్‌ల ఒక ముల్లు తిరిగే పళ్లెం మీద ఫైల్ ఎక్కడుందో వెతుక్కుంట పోవాలి, ఒక్కో వెతుకులాటకు పది పన్నెండు మిల్లీ సెకన్లు పడ్తది, విండోస్ లేచేటప్పుడు ఇట్లాంటి చిన్న చిన్న వెతుకులాటలు వేలల్ల ఉంటయ్. చిన్న ఫైళ్లు అక్కడోటి ఇక్కడోటి చదవాల్సి వస్తే హార్డ్ డిస్క్ సెకనుకు 1 ఎంబీ కూడ దాటదు, అదే మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 30 ఎంబీ పైనే చదువుతది. తేడా అంతా అక్కడుంది, డబ్బా మీద పెద్ద అక్షరాలల్ల వేసే 3500, 7000 నంబర్లల్ల కాదు. అవి పెద్ద ఒక్క ఫైల్‌ని వరుసగ చదివినప్పటి లెక్కలు, మనం రోజూ చేసే పని అది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ల్యాప్‌టాప్‌లల్ల ఎస్‌ఎస్‌డీ కూర్చునే చోట్లు ముఖ్యంగ రెండు. ఒకటి 2.5 ఇంచ్ సాటా, అంటే పాత హార్డ్ డిస్క్ సైజే, అది తీసి అదే జాగల ఇది పెట్టుడు. రెండోది ఎం.2, ర్యామ్ ముక్క లెక్క సన్నగ పొడుగ్గ ఉండే కార్డు. మధ్యల ఎంసాటా అని ఇంకో రకం ఉండేది, 2011, 2012 టైం ల్యాప్‌టాప్‌లల్ల, అది మీ దగ్గరుంటే ఎం.2 దాంట్ల పట్టదు, ఎంసాటా అనే పేరుతోనే కొనాలి, దొరుకుడు కష్టం.

2.5 ఇంచ్ అయితే తలనొప్పి తక్కువ. చూస్కోవాల్సింది మందం ఒక్కటే, ఎస్‌ఎస్‌డీలు ఇప్పుడన్నీ 7 మిల్లీమీటర్ల మందమే, పాత ల్యాప్‌టాప్‌ల 9.5 మిల్లీమీటర్ల డిస్క్ ఉండి ఉంటే కొత్తది జర లూజ్ అయితది, కొన్ని ఎస్‌ఎస్‌డీల డబ్బాల సన్నటి ప్లాస్టిక్ ఫ్రేమ్ ఇస్తరు, లేకపోతే పాత డిస్క్ బ్రాకెట్‌కే స్క్రూలు బిగిస్తే కదలదు. స్పీడ్ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతది, సాటా దారికి అదే హద్దు. ఫస్ట్ జనరేషన్ ఐ3, ఐ5 లాంటి 2011 ముందు మెషీన్లల్ల సాటా 2 ఉంటది కాబట్టి దాంట్ల సగమే వస్తది, అయినా పర్వాలేదు, హార్డ్ డిస్క్ మీద ఎన్నో రెట్లు నయం.

ఇక్కడ ఒక మోసం ఉంది, మోసం అంటే కంపెనీది కాదు, మన ఊహది. కొత్త ల్యాప్‌టాప్‌ని ఎం.2 ఎస్‌ఎస్‌డీతోని కొన్నం, లోపల 2.5 ఇంచ్ జాగ ఖాళీగ ఉంటది, ఇంకో డిస్క్ వేస్కుందాం అనుకుంటం. మూత తీస్తే జాగ ఉంటది గాని ఆ డిస్క్‌ని బోర్డుకు కలిపే సన్నటి రిబ్బన్ కేబుల్ ఉండదు, బ్రాకెట్ ఉండదు. అవి మోడల్ మోడల్‌కి వేరు, పార్ట్ నంబర్ పట్టుకుని విడిగ తెప్పించుకోవాలి. ఇంకొన్ని మోడళ్లల్ల అదే పేరు మీద పెద్ద బ్యాటరీ వెర్షన్ ఉంటది, దాంట్ల ఆ జాగ మొత్తం బ్యాటరీనే ఆక్రమిస్తది. మిర్యాలగూడ రైస్ మిల్లుల అకౌంట్స్ చూసే మా దోస్తుకి ఇట్లనే అయింది, 2.5 ఇంచ్ ఎస్‌ఎస్‌డీ కొనుక్కొచ్చి మూత తీస్తే లోపల బ్యాటరీ కాళ్లు చాపుకుని పండుకుంది.

ఎం.2 సంగతికి వస్తే మూడు చూడాలి, మూడూ వేరు వేరు, ఒకటి కలిసిందని మిగతావి కలుస్తయ్ అనుకోవద్దు.

మొదటిది పొడుగు. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడుగు. 2242 అంటే 42 పొడుగు, 2230 అంటే 30. మామూలుగ 2280నే ఎక్కువ, కానీ కొన్ని బ్రాండ్ల సన్న ల్యాప్‌టాప్‌లల్ల 2242, 2230 పెడ్తరు, అక్కడ 2280 పెడితే స్క్రూ జాగ దాటి బ్యాటరీ మీదికి పోతది. చిన్నది పెద్ద జాగల పెట్టొచ్చు, బ్రాకెట్ ఉంటే చాలు, పెద్దది చిన్న జాగల మాత్రం పట్టదు. ఇంకోటి, ఒకవైపే చిప్పులున్నవి, రెండువైపులా ఉన్నవి అని ఉంటయ్, బాగ సన్నటి ల్యాప్‌టాప్‌లకు ఒకవైపు చిప్పులున్నదే తీస్కోండి. పైన అల్యూమినియం హీట్‌సింక్ బిగించిన మోడళ్లు డెస్క్‌టాప్‌కి, గేమింగ్ కన్సోల్‌కి, ల్యాప్‌టాప్ మూత పట్టదు. అవే సేల్ల ఒక్కోసారి తక్కువకు కనపడ్తయ్, ఆశపడొద్దు.

రెండోది గాట్లు. ఎస్‌ఎస్‌డీ బంగారు పిన్నుల దగ్గర చూస్తే కొన్నింటికి ఒక గాటు, కొన్నింటికి రెండు గాట్లు ఉంటయ్. ఒక్క గాటు ఉండి దాని పొట్టి పక్కన 5 పిన్నులుంటే అది ఎం కీ, దాదాపుగ ఎన్‌వీఎంఈ. రెండు గాట్లుంటే బీ ప్లస్ ఎం కీ అంటరు, అది మామూలుగ సాటా. ఇప్పుడు చిక్కు ఏందంటే రెండు గాట్లున్నది ఎం కీ స్లాట్‌ల హాయిగ కూర్చుంటది, మా దేవరకొండ కథ అదే. అదీగాక రెండు గాట్లతోని కూడ కొన్ని ఎన్‌వీఎంఈలు వచ్చినయ్, అందుకే గాట్లు చూసి అంచనా మాత్రమే వెయ్యాలి, డబ్బా మీద ఏం రాసుందో చదివి కొనాలి. సాటా అనో ఎన్‌వీఎంఈ అనో కచ్చితంగ రాసుంటది. "ఎం.2 ఎస్‌ఎస్‌డీ" అని మాత్రమే రాసిన లిస్టింగ్ కనపడితే దాన్ని అక్కడే వదిలెయ్యండి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మీ ల్యాప్‌టాప్ ఆ స్లాట్‌కి ఏ దారి ఇచ్చింది అన్నది. కొన్ని స్లాట్లు సాటా మాత్రమే, 2015 నుంచి 2018 మధ్యల వచ్చిన బడ్జెట్ మోడళ్లల్ల ఇవి కనపడ్తయ్. కొన్ని రెండూ తీస్కుంటయ్. 2020 తర్వాతవి ఎక్కువ ఎన్‌వీఎంఈ మాత్రమే. స్లాట్ బయట నుంచి చూస్తే ఈ తేడా అస్సలు తెల్వదు, ఒకే తీరు ప్లాస్టిక్, ఒకే తీరు పిన్నులు. పైగా లోపల ఇంకో ఎం.2 స్లాట్ ఉంటది, వైఫై కార్డుది, దాని గాటే వేరు, దాన్ని చూసి రెండో స్లాట్ ఉంది అని సంబరపడేటోళ్లు కూడ ఉన్నరు, నేను కూడ ఒకప్పుడు.

మరి ఎట్ల తెల్సుకోవాలి? మూత తియ్యకముందే సగం తెలుస్తది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ఇంగ్లిష్ అక్షరాలల్ల ఎంఎస్ఇన్ఫో32 అని కొట్టండి, సిస్టమ్ మోడల్ అని పూర్తి పేరు వస్తది. ల్యాప్‌టాప్ మీద పెద్దగ రాసున్న సిరీస్ పేరు సరిపోదు, ఇన్‌స్పిరాన్ 15 అంటే ఎన్నో రకాలు, పక్కన నాలుగంకెల నంబర్ కావాలి. డెల్ అయితే వెనక సర్వీస్ ట్యాగ్, హెచ్‌పీ అయితే ప్రొడక్ట్ నంబర్, లెనోవో అయితే మెషీన్ టైప్. ఆ నంబర్ కంపెనీ సపోర్ట్ సైట్‌ల కొడితే మాన్యువల్ దొరుకుతది, హెచ్‌పీ దాన్ని మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్ అంటది, లెనోవో హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అంటది, లెనోవోకి పీఎస్‌రెఫ్ అని ఇంకో సైట్ కూడ ఉంది, దాంట్ల ఏ మోడల్‌కి ఎన్ని స్లాట్లు, ఏ పొడుగు, సాటానా పీసీఐఈనా, ఎన్ని జీబీల దాకా అన్నది ఒక్క పేజీల ఉంటది. ఫ్రీ, ఎవర్నీ అడిగే పని లేదు. స్టోరేజ్ అన్న సెక్షన్ చదవండి, చాప్టర్లన్నీ చదవక్కర్లే. మాన్యువల్‌ల ఉన్న మాటని షాపోడి మాట కన్నా, యూట్యూబ్ మాట కన్నా, నా మాట కన్నా ఎక్కువ నమ్మండి.

ఇప్పటికే ఎస్‌ఎస్‌డీ ఉండి పెద్దది వేస్కోవాలన్నోళ్లకు పని ఇంకా సులువు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, వేస్కుని ఓపెన్ చేస్తే ఇంటర్‌ఫేస్ దగ్గర ఎన్‌వీఎం ఎక్స్‌ప్రెస్ అనో సీరియల్ ఏటీఏ అనో చూపిస్తది. ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర మధ్యల గీతతోని రెండు ఉంటయ్, ఎడమది ఇప్పుడు నడుస్తున్న స్పీడ్, కుడిది ఆ డ్రైవ్‌కి చేతనైన స్పీడ్. ఎడమల పీసీఐఈ 3.0, కుడిల 4.0 అని ఉంటే అర్థం ఏందంటే మీ ల్యాప్‌టాప్ ఆ స్లాట్‌కి 3.0 వరకే ఇస్తుంది, ఇంకా ఖరీదైనది కొన్నా ఉపయోగం లేదు. లోపల ఉన్నది ఏ రకమో అదే రకం, అదే పొడుగు కొంటే తొంభై శాతం పని అయిపోయినట్టే.

ఈ 3.0, 4.0 అనే పీసీఐఈ జనరేషన్ల గురించి చాలా మంది పరేషాన్ అయితరు, అవసరం లేదు. 3.0 స్లాట్‌ల 4.0 ఎస్‌ఎస్‌డీ నడుస్తది, 4.0 స్లాట్‌ల 3.0 కూడ నడుస్తది, స్పీడ్ ఏది తక్కువైతే అది. 3.0 అంటే సెకనుకు 3500 ఎంబీ దగ్గర, 4.0 అంటే 7000 దగ్గర. 5.0 ల్యాప్‌టాప్‌కి వద్దే వద్దు, వేడెక్కుతది, రేటు ఎక్కువ. మన దిక్కు మే నెలల మధ్యాహ్నం రేకుల షెడ్డు షాపుల కూర్చుంటే మనుషులే మాడిపోతరు, ఎస్‌ఎస్‌డీ కూడ 70, 80 డిగ్రీల దాకా పోతే తనను తాను కాపాడుకోనీకి స్పీడ్ తగ్గించుకుంటది. కాబట్టి తక్కువ వేడెక్కే మామూలు మోడల్ మనకు లాభమే. 4.0 రేటు 3.0 రేటు దగ్గర దగ్గరగ ఉంటే 4.0 తీస్కోండి, రేపు ఇంకో ల్యాప్‌టాప్‌ల పనికొస్తది.

2014 ముందు ల్యాప్‌టాప్‌లకు ఎన్‌వీఎంఈ గురించి ఆలోచించుడే వేస్ట్, ఎక్కువ వాటికి ఆ స్లాటే ఉండదు, ఎట్లనో తగిలించినా బయోస్ దాన్నుంచి బూట్ కాదు. యాపిల్ వాళ్లది వేరే లోకం, 2012 పాత 13 ఇంచ్ మ్యాక్‌బుక్ ప్రో, రెటీనా లేనిది, దాంట్ల మామూలు 2.5 ఇంచ్ సాటా పడ్తది, ఆ తర్వాత సొంత కనెక్టర్ పెట్టుకున్నరు, తర్వాత బోర్డు మీదనే అతికిచ్చుడు మొదలుపెట్టిన్రు, యాపిల్ సొంత ఎం1 చిప్ వచ్చినప్పటి నుంచి ల్యాప్‌టాప్‌లన్నింట్ల అంతే, ఇంక మార్చేది లేదు. 32 జీబీ, 64 జీబీ అని అగ్గువకు వచ్చిన చిన్న ల్యాప్‌టాప్‌లల్ల కూడ ఈఎంఎంసీ అని బోర్డుకే అతికి ఉంటది, కొన్నింట్ల పక్కన ఎం.2 స్లాట్ ఇస్తరు, మాన్యువల్ చూస్తే తప్ప తెల్వదు.

డీవీడీ డ్రైవ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లకు ఇంకో ఉపాయం. డీవీడీ తీసేసి ఆ జాగల క్యాడీ అని ప్లాస్టిక్ ట్రే పెట్టి, దాంట్ల పాత హార్డ్ డిస్క్ పెట్టుకోవచ్చు, హార్డ్ డిస్క్ జాగల ఎస్‌ఎస్‌డీ. బూట్ అయ్యేది ఎస్‌ఎస్‌డీ కాబట్టి దాన్ని అసలు జాగలనే పెట్టండి, క్యాడీల వద్దు. క్యాడీలు రెండు మందాలల్ల వస్తయ్, 9.5 మిల్లీమీటర్లు, 12.7 మిల్లీమీటర్లు. పాలమూరుల ఉండే మా చిన్నాయిన కొడుకు కొలవకుండ 12.7ది తెప్పించి, అది పట్టక, సానబెట్టి పట్టించాలని చూసి ల్యాప్‌టాప్ బాడీనే పగలగొట్టుకున్నడు. స్కేల్ పెట్టి కొలిస్తే అర నిమిషం పని.

ఇప్పుడు ఏ కంపెనీ, ఎంత సైజు. విండోస్, ఆఫీస్, ట్యాలీ, ఫోటోలు కొన్ని అంటే 256 జీబీ బొటాబొటి, 500 లేదా 512 జీబీ సుఖం. 512 కొంటే విండోస్‌ల 476 అని కనపడ్తది, 1 టీబీ 931 అని కనపడ్తది, మోసం చేసిండు అని షాపోడి మీదికి పోవద్దు, కంపెనీ వెయ్యికి లెక్కపెడ్తది, విండోస్ 1024కి లెక్కపెడ్తది, అంతే. నిండా నింపకుండ జర జాగ ఖాళీ ఉంచితే స్పీడ్ పడిపోదు.

ఎస్‌ఎస్‌డీలల్ల డీర్యామ్ (ఏ డేటా ఎక్కడుందో గుర్తుపెట్టుకునే చిన్న మెమరీ చిప్) ఉన్నవి, లేనివి అని ఉంటయ్. డీర్యామ్ లేని ఎన్‌వీఎంఈ కంప్యూటర్ ర్యామ్‌లనే కొంచెం వాడుకుంటది, రోజువారీ పనికి తేడా తెల్వదు. సాటాకి ఆ సౌలత్ లేదు, అందుకే సాటాల డీర్యామ్ ఉన్నది దొరికితే మంచిది, సామ్‌సంగ్ 870 ఈవో లాంటివి ఆ రకం, క్రూషియల్ బీఎక్స్500 డీర్యామ్ లేని రకం. హార్డ్ డిస్క్ మీద నుంచి వచ్చేటోళ్లకు రెండోది కూడ స్వర్గం లెక్కనే ఉంటది, కాకపోతే ఒకేసారి పెద్ద పెద్ద ఫైళ్లు కాపీ కొట్టేటప్పుడు జర నత్తనడక నడుస్తది. టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అని చిప్పుల రకాలు, రేటు తేడా తక్కువుంటే టీఎల్‌సీ తీస్కోండి. ఎస్‌ఎస్‌డీ అరిగిపోతది అని భయపెట్టేటోళ్లు ఉంటరు, లెక్క చూడండి, 870 ఈవో 500 జీబీకి కంపెనీ హామీ 300 టీబీ రాతలు, రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టీబీ, అంటే నలభై ఏండ్లు. ల్యాప్‌టాప్ కీలే అప్పటికి విరిగిపోతయ్.

పేరు తెల్వని కంపెనీల 2 టీబీ అని పెన్‌డ్రైవ్ రేటుకు అమ్మేవి కొనకండి. లోపల 64 జీబీ చిప్ పెట్టి 2 టీబీ అని అబద్ధం చెప్పే రకాలు ఉన్నయ్, నిండేదాకా బాగనే ఉంటది, తర్వాత వేసిన ఫైళ్లు మాయం. అనుమానం ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఫ్రీ టూల్ ఉంది, డ్రైవ్ మొత్తం రాసి మళ్లీ చదివి నిజం బయటపెడ్తది, రిటర్న్ టైం లోపలనే చెయ్యండి అది. ఇక రేట్లు, 2025 చివర్ల నుంచి ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు ఎగబడి కొంటుండటంతోని బాగ ఎక్కినయ్, కాబట్టి పాత వీడియోలల్ల చెప్పిన రేటు పట్టుకుని బేరం ఆడితే నల్లగొండ గడియారం సెంటర్ షాపోడు నవ్వుతడు. నల్లగొండల, పాలమూరుల 2.5 ఇంచ్ సాటా, 2280 ఎన్‌వీఎంఈ అడిగితే దొరుకుతయ్, 2230, 2242 లాంటివి కావాలంటే ఆన్‌లైన్, లేకపోతే సికింద్రాబాద్ పార్క్ లేన్‌ల చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటరు. నేనైతే లోకల్ షాపుల వంద, రెండొందలు ఎక్కువైనా కొంట, కానీ ఒక షరతు మీద, ల్యాప్‌టాప్ అక్కడికే తీస్కపోయి పెట్టించి బయోస్‌ల కనపడ్డంకనే పైసలిస్త. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, మూడేండ్లు, ఐదేండ్లు వారంటీ ఉంటది, బిల్లు లేకపోతే ఏమీ లేదు.

ఇంకోటి ఆలోచించాల్సింది, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోని బందైంది. ఇంటెల్ ఏడో జనరేషన్, అంతకు ముందువి విండోస్ 11 లిస్టుల లేవు, ఐ7 ఏడో జనరేషన్ల ఒకటీ అరా తప్ప. అట్లాంటి మెషీన్ మీద ఖర్చు పెట్టొద్దు అనను, 240, 256 జీబీ చిన్న సాటా వేసి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఫ్రీ సిస్టమ్ ఎక్కిస్తే పిల్లల చదువుకు ఇంకా కొన్నేండ్లు నడుస్తది. 1 టీబీ ఖరీదైనది మాత్రం దాని మీద పెట్టకండి.

కొన్నంక పెట్టుడు. ముందు డేటా కాపీ ఇంకోచోట తీస్కోండి, దీంట్ల బేరం లేదు. తర్వాత బిట్‌లాకర్ (డిస్క్‌ల డేటాకు విండోస్ వేసే తాళం) ఉందా చూడండి, విండోస్ 11ల చాలా ల్యాప్‌టాప్‌లకు మనకు చెప్పకుండనే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటది, ఆ పాత డ్రైవ్ తీసి ఇంకోచోట తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతది, అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ల ఉంటది, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందా అన్నది ముందే తేల్చుకోండి, ల్యాప్‌టాప్ కొనిచ్చిన షాపోడి మెయిల్‌తోని అకౌంట్ తెరిచినోళ్లు ఎంతమందో. క్లోన్, అంటే పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కొత్తదాంట్లకు కాపీ, చెయ్యాలంటే ఎన్‌క్రిప్షన్ ఆపి చెయ్యండి.

పాత విండోస్ యథాతథంగ కావాలంటే క్లోన్, దానికి కొత్త ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీతోని తగిలించే ఎన్‌క్లోజర్ కావాలి. ఇక్కడ కూడ మళ్లీ అదే పేచీ, సాటా ఎన్‌క్లోజర్‌ల ఎన్‌వీఎంఈ నడవదు, రెండూ తీస్కునేవి వేరే ఉంటయ్. సామ్‌సంగ్ లాంటి పెద్ద కంపెనీలు వాళ్ల డ్రైవ్‌లకు ఫ్రీగ క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తయ్, క్లోన్‌జిల్లా అయితే ఏ డ్రైవ్‌కైనా ఫ్రీ కానీ కొత్తోళ్లకు తెర చూస్తే భయమేస్తది. 1 టీబీ హార్డ్ డిస్క్ నుంచి 512కి క్లోన్ అయితదా అంటే వాడిన డేటా విండోస్ చూపించే 476 జీబీకి తక్కువుంటే కంపెనీ సాఫ్ట్‌వేర్లతోని మామూలుగ అయితది, క్లోన్‌జిల్లాతోని మాత్రం పెద్ద డిస్క్ నుంచి చిన్నదానికి నేరుగ కాదు. నా సలహా మాత్రం కొత్తగ విండోస్ వేస్కోండి, ఐదేండ్ల చెత్తని కొత్తింట్లకు మోసుకపోవుడు ఎందుకు, ఒరిజినల్ విండోస్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే నెట్ తగలంగనే దానంతట అదే యాక్టివేట్ అయితది, లైసెన్స్ మదర్‌బోర్డుకు కట్టి ఉంటది, డిస్క్‌కి కాదు.

ఇంటెల్ పదకొండో జనరేషన్, ఆ తర్వాత వాటిల్ల విండోస్ ఎక్కించేటప్పుడు డ్రైవే కనపడదు ఒక్కోసారి, ఎస్‌ఎస్‌డీ పోయింది అనుకోకండి. వీఎండీ అని ఒక సెట్టింగ్ వల్ల అట్ల అయితది, కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌ల వేస్కుని ఇన్‌స్టాల్ తెర మీద లోడ్ డ్రైవర్ నొక్కితే వచ్చేస్తది. రెండో డ్రైవ్‌గ పెట్టినోళ్లకు కూడ దిస్ పీసీల కనపడదు, డిస్క్ మేనేజ్‌మెంట్‌కి పోయి ఇనిషియలైజ్ చేసి జీపీటీ ఎంచుకుని ఫార్మాట్ కొట్టాలి. మా కేసుల ఇదే అయి ఉంటది అని రెండు గంటలు ఆశపడ్డం, బయోస్‌లనే లేని దానికి డిస్క్ మేనేజ్‌మెంట్ ఏం చేస్తది.

మూత విప్పేటప్పుడు స్క్రూలు ఒక పేపర్ మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి ఎక్కడిది అక్కడ గుచ్చి పెట్టండి, పొడుగు పొట్టి తేడా ఉంటయ్. రబ్బర్ కాళ్ల కింద కూడ స్క్రూలు దాగి ఉంటయ్, అది చూడక బలంగ పీకితే మూత చిట్లుతది. ముందుగాల బ్యాటరీ కనెక్టర్ పీకండి. ఎం.2 కార్డుని కొంచెం ఏటవాలుగ, 30 డిగ్రీల దగ్గర దూర్చి కిందికి నొక్కి స్క్రూ బిగించాలి, బలం పెట్టే పనే లేదు, బలం అవసరం పడ్డదంటే తిరగేసి పెట్టినట్టు. ఆ చిన్న స్క్రూ ఎస్‌ఎస్‌డీ డబ్బాల మామూలుగ రాదు, ఖాళీ స్లాట్ ఉన్న ల్యాప్‌టాప్‌ల కూడ ఒక్కోసారి ఉండదు, షాపుల ముందే అడిగి తెచ్చుకోండి. వారంటీల ఉన్న ల్యాప్‌టాప్ అయితే విప్పకముందు సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి అడగండి.

మా బామ్మర్ది సంగతి, తర్వాత 500 జీబీ ఎన్‌వీఎంఈ కొన్నం, అప్పటికే రేటు పెరిగింది, ఆ రోజే వేసినం, ఆ రోజే కనపడ్డది. ఇరుక్కున్న సాటా దాన్ని ఎం.2 సాటా ఎన్‌క్లోజర్‌ల వేసి షాపుల బ్యాకప్‌కి వాడుతున్నడు. ఎస్‌ఎస్‌డీని బీరువాల పెట్టి ఏండ్లకేండ్లు మర్చిపోవద్దని మాత్రం చెప్పిన, కరెంట్ తగలకుండ ఉంటే దాంట్ల డేటా మెల్లగ చెరిగే ప్రమాదం ఉంది, పైగా ఎస్‌ఎస్‌డీల డిలీట్ అయింది తిరిగి తీసుడు హార్డ్ డిస్క్ అంత సులువు కాదు.

పాత హార్డ్ డిస్క్ ఒక నెల ముట్టకుండ పక్కన పెట్టినం, ఏమన్నా మర్చిపోయినమా అని. తర్వాత ఎవరో వెయ్యి రూపాయలకు అడిగితే ఇచ్చేద్దాం అన్నడు. ఆగమన్న. నాలుగేండ్లు జిరాక్స్ సెంటర్ల నడిచిన డిస్క్ అది, ఊరందరి ఆధార్లు, బ్యాంక్ పాస్‌బుక్కులు, మార్కుల మెమోలు దాంట్లనే ఉన్నయ్, క్విక్ ఫార్మాట్ కొడితే పైపై పేర్లే పోతయ్, లోపలిది ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తోని ఎవరైనా బయటికి తీస్తరు. క్విక్ ఫార్మాట్ అన్న టిక్ తీసేసి ఫుల్ ఫార్మాట్ పెట్టినం, అది డిస్క్ మొత్తం సున్నాలు రాస్తది, 1 టీబీకి దగ్గర దగ్గర మూడు గంటలు పట్టింది, అంతసేపు ఆ ల్యాప్‌టాప్ మీదనే దర్జాగ పాన్ కార్డ్ అప్లికేషన్లు కొట్టుకుంట కూర్చున్నడు.